ఇంగ్లండులో కొత్త ఇల్లు కొంటున్నారా? సొలిసిటర్ కోట్‌ను ఇలా చదవండి

మేము కొత్త ఇల్లు బుక్ చేసినప్పుడు సొలిసిటర్ (ఇంటి లావాదేవీ చూసే లాయరు) నుంచి చేతికి వచ్చిన మొదటి కోట్‌లో, అంటే ఖర్చు అంచనాలో, 895 పౌండ్లు అని పెద్ద అక్షరాల్లో ఉంది. తాళాలు తీసుకునే వారం వచ్చిన బిల్లు 2,700 దాటింది. స్టాంప్ డ్యూటీ అందులో లేదు, అది వేరు. నిజం చెప్పాలంటే మోసమేమీ జరగలేదు. ఆ బిల్లులోని ప్రతి పద్దూ మొదటి రోజు పంపిన కాగితాల్లో ఎక్కడో ఒక మూల రాసే ఉంది. మేము చదవలేదు, అంతే. మీరు చదవాలని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక తేడా మనసులో పెట్టుకోవాలి. మన దగ్గర ఇల్లు కొంటే దస్తావేజు లేఖరి దగ్గర కూర్చుంటాం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేసి ఫొటో దిగి వస్తాం. లాయరు అభిప్రాయం బ్యాంకు అడిగితేనే తీసుకుంటాం. ఇక్కడ ల్యాండ్ రిజిస్ట్రీ గుమ్మం మీరు తొక్కే పనే ఉండదు. హక్కుల పరిశీలన, ఒప్పందం, పన్ను రిటర్ను, రిజిస్ట్రేషన్ అన్నీ సొలిసిటరే చేస్తారు. మీ డబ్బు, బ్యాంకు ఇచ్చే అప్పు రెండూ ఆయన క్లయింట్ ఖాతా మీదుగానే బిల్డర్ వైపుకు వెళతాయి. అందుకే ఈ ఖర్చును చిల్లర ఖర్చుగా చూడకండి. ఇక్కడ చెప్పే స్టాంప్ డ్యూటీ లెక్కలు ఇంగ్లండువి. వేల్స్‌కు, స్కాట్లండుకు పన్నులు వేరు. స్కాట్లండులో కొనే పద్ధతే వేరు.

మొదటి అడుగు: రిజర్వేషన్ ఫీజు కట్టకముందే మూడు కొటేషన్లు తెప్పించుకోండి

సేల్స్ ఆఫీసులో రిజర్వేషన్ ఫీజు కట్టగానే గడియారం మొదలవుతుంది. చాలామంది బిల్డర్లు 28 రోజుల్లో ఒప్పందాల మార్పిడి, అంటే ఎక్స్చేంజ్ (ఇరువైపులా ఒప్పందానికి కట్టుబడే ఘట్టం), జరగాలని షరతు పెడతారు. ఆ తొందరలో ఎవరు దొరికితే వారికి పని అప్పగించేస్తాం. కాబట్టి ఇల్లు చూడటం మొదలుపెట్టినప్పుడే కొటేషన్లు అడగండి.

ఈ పని సొలిసిటర్లే కాదు, లైసెన్స్‌డ్ కన్వేయన్సర్లు (ఆస్తి బదిలీ పనికి లైసెన్సు ఉన్న నిపుణులు) కూడా చేస్తారు. ఇద్దరూ నియంత్రణ ఉన్నవారే. మొదటివారు సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ కింద, రెండవవారు కౌన్సిల్ ఫర్ లైసెన్స్‌డ్ కన్వేయన్సర్స్ కింద ఉంటారు. ఆ సంస్థల జాబితాలో పేరు ఉందో లేదో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. 2018 డిసెంబరు నుంచి సొలిసిటర్ సంస్థలు ఇళ్ల కొనుగోలు ధరల వివరాలను తమ వెబ్‌సైట్లలో పెట్టి తీరాలి. ఫోను చేసేముందు అది చదివితే సగం ప్రశ్నలు తీరిపోతాయి. ఇంకొకటి, మీకు అప్పు ఇచ్చే బ్యాంకు ప్యానెల్‌లో (బ్యాంకు ఆమోదించిన సంస్థల జాబితాలో) ఆ సంస్థ ఉందో లేదో ముందే అడగండి. లేకపోతే బ్యాంకు తరఫున వేరే సొలిసిటర్ వస్తారు, రెండో ఫీజు మీ నెత్తిన పడుతుంది.

రెండో అడుగు: కోట్‌ను మూడు ముక్కలు చేయండి

కాగితం మీద మూడు గడులు గీసుకోండి. మొదటి గడిలో సొలిసిటర్ తన పనికి తీసుకునేది రాయండి. దీని మీద 20 శాతం వ్యాట్ పడుతుంది. రెండో గడిలో మీ తరఫున బయటివాళ్లకు కట్టేది రాయండి: సెర్చ్‌లు (ఆ స్థలం గురించి స్థానిక సంస్థల దగ్గర చేయించే విచారణలు), ల్యాండ్ రిజిస్ట్రీ రుసుము వంటివి. వీటినే డిస్బర్స్‌మెంట్లు అంటారు. మూడో గడి స్టాంప్ డ్యూటీది. ఇది ప్రభుత్వానిది, సొలిసిటర్ చేతుల మీదుగా వెళుతుంది కాబట్టి ఆయన బిల్లులోనే కనిపిస్తుంది.

తికమక అంతా మొదటి గడికి, రెండో గడికి మధ్య సరిహద్దులోనే ఉంది. ఉదాహరణకు స్టాంప్ డ్యూటీ రిటర్ను దాఖలు చేయడానికి పన్ను శాఖ ఏమీ తీసుకోదు. కోట్‌లో దానికి ఎనభయ్యో తొంభయ్యో పౌండ్లు కనిపిస్తే అది సొలిసిటర్ ఫీజే. బ్యాంకు బదిలీకి నలభై పౌండ్లు అని ఉంటే, అందులో బ్యాంకు నిజంగా తీసుకునేది పోగా మిగిలినదీ ఫీజే. ఇవి తప్పు కాదు, పని చేసినందుకు తీసుకుంటున్నారు. అయితే రెండు కొటేషన్లను పోల్చేటప్పుడు వీటిని మొదటి గడిలోకి లాగి కూడితేనే ఎవరు చౌకో తెలుస్తుంది.

ఒక లెక్క వేద్దాం. 350,000 పౌండ్ల ఫ్రీహోల్డ్ ఇల్లు, అంటే నేలతో సహా సొంతమయ్యేది. బ్యాంకు అప్పు ఉంది, అమ్మానాన్నలు కొంత డబ్బు ఇస్తున్నారు. అంకెలు కేవలం ఉదాహరణకే. అసలు ఫీజు 1,100. కొత్త ఇంటి అదనపు ఫీజు 250. బ్యాంకు తరఫున పని చేసినందుకు 100. బహుమతి డబ్బు పరిశీలనకు 75. పన్ను రిటర్నుకు 90. బ్యాంకు బదిలీకి 40. ఇద్దరి గుర్తింపు తనిఖీకి 30. మొత్తం 1,685. వ్యాట్ 337 కలిపితే 2,022. దానికి సెర్చ్‌లు 350, బిల్డర్ సొలిసిటర్ పత్రాల రుసుము 120, ఎస్టేట్ నిర్వహణ కంపెనీ పత్రాలకు 150, ల్యాండ్ రిజిస్ట్రీ రుసుములు సుమారు 350 చేర్చండి. 2,992 అయింది. ప్రకటనలో కనిపించే అంకె మాత్రం 1,100.

మూడో అడుగు: కొత్త ఇంటికి అదనం ఎందుకో అర్థం చేసుకోండి

పాత ఇల్లయితే పాత పత్రాలన్నీ తిరగెయ్యాలి, కొత్త ఇంటికి చరిత్రే లేదు కదా, పని తక్కువ ఉండాలి అని నేనూ అనుకున్నాను. జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. పాత ఇంటి ముందు రోడ్డు ఉంటుంది, కింద మురుగు గొట్టం ఉంటుంది, రెండూ ఎవరివో ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. కొత్త ఇంటి విషయంలో సొలిసిటర్ ఇంకా లేనివాటి గురించి కాగితాలు చదవాలి.

ముందు ఆ స్థలానికి ఇచ్చిన ప్లానింగ్ అనుమతి, దాని షరతులు చూడాలి. బిల్డర్‌కు కౌన్సిల్‌కు (స్థానిక పాలక సంస్థకు) మధ్య 1990 నాటి ప్రణాళికా చట్టం 106వ సెక్షను కింద కుదిరిన ఒప్పందం చదవాలి. బడికో పార్కుకో ఇంత కడతామని బిల్డర్ ఒప్పుకున్న పత్రం అది. ఆ బాకీ మీ మీదకు రాకుండా చూడటం సొలిసిటర్ పని. రోడ్డును కౌన్సిల్ స్వీకరించేందుకు 1980 హైవేస్ చట్టం 38వ సెక్షను ఒప్పందం, మురుగు కాలువలను నీటి కంపెనీ స్వీకరించేందుకు 1991 నాటి చట్టం 104వ సెక్షను ఒప్పందం ఉండాలి. వాటి వెనక పూచీకత్తు బాండ్ ఉందో లేదో కూడా చూడాలి. బాండ్ లేకుండా బిల్డర్ దివాలా తీస్తే, రోడ్డు బాగు చేసే ఖర్చు ఆ రోడ్డు మీద ఇళ్లున్నవాళ్ల మీదకు రావచ్చు.

తర్వాత వారంటీ. ఎన్‌హెచ్‌బీసీ అనే సంస్థ కొత్త ఇళ్లకు ఇచ్చే బిల్డ్‌మార్క్ వంటి పదేళ్ల వారంటీల్లో మొదటి రెండేళ్లు లోపాలు సరిచేసే బాధ్యత బిల్డర్‌దే. ఆ వారంటీ పత్రం రానిదే బ్యాంకు డబ్బు వదలదు. బిల్డర్ మీకిచ్చే రాయితీలన్నీ బ్యాంకుకు తెలియజేసే ఒక ఫారం ఉంటుంది. తివాచీలు ఉచితం, వంటింటి సామాను ఉచితం అన్నవి కూడా అందులో ఎక్కాలి. దాన్ని నింపేది బిల్డర్, సరిచూసేది మీ సొలిసిటర్.

ఇక ఎస్టేట్ ఛార్జీ. ఫ్రీహోల్డ్ ఇల్లు కొన్నాం, ఇక ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు అనుకోవడం మనవాళ్లలో చాలా మామూలు. కొత్త కాలనీల్లో చాలాచోట్ల పచ్చిక మైదానాలు, పిల్లల ఆటస్థలం, లోపలి దారులు కౌన్సిల్ చేతికి వెళ్లవు. ఒక నిర్వహణ కంపెనీ వాటిని చూస్తుంది, ఏటా మీ నుంచి వసూలు చేస్తుంది. కొన్ని ఒప్పందాల్లో దీన్ని రెంట్‌ఛార్జ్‌గా (ఆస్తికే ముడిపడిన చెల్లింపుగా) రాస్తారు. పాత 1925 చట్టం ప్రకారం అది 40 రోజులు బాకీ పడితే కంపెనీ చేతికి చాలా కఠినమైన హక్కులు వస్తాయి. బ్యాంకులు దీనికి భయపడతాయి. ఆ హక్కులను తొలగించే వాక్యం ఒప్పందంలో ఉందా అని మీ సొలిసిటర్‌ను సూటిగా అడగండి. లేకపోతే పెట్టించమనండి. అదనపు ఫీజు కింద మీరు కట్టే రెండు మూడు వందలకు విలువ వచ్చేది ఇలాంటి చోటే.

ఫ్లాటయితే లీజ్‌హోల్డ్ (నేల వేరొకరిది, మీకు ఉండేది దీర్ఘకాలపు లీజు) అదనం కూడా పడుతుంది, లీజు వంద పేజీలు ఉంటుంది కాబట్టి. 2022 జూన్ 30 తర్వాత ఇచ్చే కొత్త లీజుల్లో చాలావాటికి గ్రౌండ్ రెంట్ (నేల అద్దె) వసూలు చేయకూడదు. సర్వీస్ ఛార్జ్ (భవనం నిర్వహణ ఖర్చు) మాత్రం ఉంటుంది.

రిజిస్ట్రీ రుసుము దగ్గర చిన్న చిక్కు ఉంది. కొత్త ఇల్లంటే బిల్డర్ పెద్ద స్థలంలో ఒక ముక్క విడగొట్టి మీ పేర రాయడం. అలా ముక్కను బదిలీ చేస్తే, మొత్తం ఆస్తిని ఆన్‌లైన్‌లో బదిలీ చేసినప్పుడు దొరికే తక్కువ రుసుము వర్తించదు. సుమారు రెట్టింపు పడుతుంది. కోట్‌లో పాత ఇంటి రుసుమే వేసి ఉంటే ఆ అంకె తర్వాత పెరుగుతుంది.

నాలుగో అడుగు: ఈ ప్రశ్నలు రాసి పంపండి

ఫోనులో అడగకండి, రాతపూర్వకంగా అడగండి. ఇది కొత్త ఇల్లని, ధర ఇంతని, ఫ్రీహోల్డో లీజ్‌హోల్డో, అప్పు ఏ బ్యాంకుదో, బహుమతి డబ్బు ఉందో లేదో, లైఫ్‌టైమ్ ఐసా (ఇల్లు కొనడానికి వాడుకోగల ప్రత్యేక పొదుపు ఖాతా) వాడుతున్నారో లేదో మొదటి వాక్యంలోనే చెప్పేయండి. తర్వాత ఇవి అడగండి: ఈ వివరాలకు వర్తించే అదనపు ఫీజులన్నీ ఇందులో కలిపారా? ఫీజు స్థిరమా, ఏ సందర్భంలో పెరుగుతుంది? బిల్డర్ తరఫువాళ్లకు, నిర్వహణ కంపెనీకి కట్టేవాటికి అంచనా ఎంత? కొనుగోలు మధ్యలో ఆగిపోతే ఎంత కట్టాలి? నా ఫైలు ఎవరు చూస్తారు, ఆయన సెలవులో ఉంటే ఎవరు చూస్తారు?

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. 28 రోజుల గడువులో మీ మనిషి పది రోజులు సెలవు మీద వెళితే, చౌక ఫీజు ఏ మూలకూ రాదు.

ఆగిపోతే ఫీజు లేదు అనే హామీ మంచిదే. అప్పటికే చేయించిన సెర్చ్‌ల డబ్బు మాత్రం ఎలాగూ తిరిగి రాదు.

బిల్డర్ చెప్పిన సొలిసిటర్ దగ్గరకు వెళ్లాలా?

సేల్స్ ఆఫీసులో నవ్వుతూ ఒక పేరు చేతిలో పెడతారు. వాళ్లనే పెట్టుకుంటే లీగల్ ఫీజు మేమే కడతాం అని కూడా అనవచ్చు. మీకు నచ్చిన సొలిసిటర్‌ను పెట్టుకునే స్వేచ్ఛ మీకుంది, కొత్త ఇళ్ల బిల్డర్లు పాటించే వినియోగదారుల నియమావళులు ఆ మాటే చెబుతాయి. అయితే ఆ సంస్థకు ఆ కాలనీ కాగితాలు ముందే తెలిసి ఉంటాయి, అదే ఎస్టేట్‌లో ఇరవై ఇళ్లు చేసి ఉంటారు. పని వేగంగా సాగుతుంది. మరోవైపు, రేపు బిల్డర్‌తో గట్టిగా వాదించాల్సి వస్తే, అతని ద్వారా నెలకు పది కేసులు వచ్చే సంస్థ ఎంత గట్టిగా వాదిస్తుంది? పరిచయం చేసినందుకు ఎవరికైనా డబ్బు ఇస్తుంటే సొలిసిటర్ ఆ సంగతి మీకు చెప్పి తీరాలి. అడగండి.

నా మట్టుకు నేను బయటి సంస్థనే ఎంచుకుంటాను. అయితే కొత్త ఇళ్లు తరచుగా చేసేవాళ్లనే. పాత ఇళ్లు మాత్రమే చేసే మంచి సొలిసిటర్ కూడా 28 రోజుల గడువులో తడబడవచ్చు. ఫీజు మేం కడతాం అన్న బిల్డర్ మాటను మాత్రం కాగితం మీద తీసుకోండి: ఎంతవరకు, వ్యాట్ కలిపా, సెర్చ్‌లు కలిపా?

అయిదో అడుగు: హైదరాబాదు ఫ్లాటు సంగతి మొదటి రోజే చెప్పండి

మనవాళ్లకు అన్నిటికంటే పెద్ద దెబ్బ తగిలేది ఇక్కడ. సొలిసిటర్ ఫీజులో వంద పౌండ్లు మిగిల్చుకోవడానికి వారం తిరుగుతాం, ఇక్కడ వేలల్లో తేడా వస్తుంది.

2025 ఏప్రిల్ 1 నుంచి ఇంగ్లండులో స్టాంప్ డ్యూటీ ఇలా ఉంది. మొదటి 125,000 మీద పన్ను లేదు. అక్కడి నుంచి 250,000 వరకు 2 శాతం. ఆ పైన 925,000 వరకు 5 శాతం. మొదటిసారి కొనేవారికి 300,000 వరకు పన్ను లేదు, అక్కడి నుంచి 500,000 వరకు 5 శాతం. ఇంటి ధర 500,000 దాటితే ఆ రాయితీ పూర్తిగా పోతుంది. అదనపు ఇల్లయితే మొత్తం ధర మీద మరో 5 శాతం పడుతుంది. ఇది 2024 అక్టోబరు 31 నుంచి ఉంది.

మన 350,000 ఇంటికి లెక్క వేస్తే, మొదటిసారి కొనేవారికి 2,500 పౌండ్లు. మామూలు కొనుగోలుదారుకు 7,500. అదనపు ఇల్లయితే 25,000.

మొదటిసారి అంటే ప్రపంచంలో ఎక్కడా ఇల్లు సొంతంగా ఉండి ఉండకూడదు. బ్రిటన్‌లో మొదటిసారి అని కాదు. పెళ్లిలో పుట్టింటివారు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన కూకట్‌పల్లి ఫ్లాటూ లెక్కే, తాతగారి నుంచి వాటాగా వచ్చిన ఊరి ఇల్లూ లెక్కే. ఇద్దరి పేర్ల మీద కొంటే ఇద్దరూ మొదటిసారి కొనేవారై ఉండాలి. 5 శాతం అదనం దగ్గర భార్యాభర్తలను ఒకటిగా చూస్తారు. అంటే ఫ్లాటు భార్య పేర ఉండి, ఇక్కడి ఇల్లు భర్త ఒక్కడి పేర కొన్నా తప్పించుకోలేరు. ముందునుంచీ ఉన్న ఆ ఇంటిలో మీ వాటా విలువ 40,000 పౌండ్లలోపు అయితే ఆ అదనం పడదు. మొదటిసారి రాయితీ మాత్రం అప్పటికీ రాదు. పొలం, ఖాళీ స్థలం ఇల్లు కావు కాబట్టి వాటితో ఇబ్బంది లేదు. మీరు నివసించిన ప్రధాన గృహాన్ని అమ్మి దాని బదులు కొంటుంటే మినహాయింపు దొరకవచ్చు, ఆ తేదీలన్నీ రాసి ఇవ్వండి. కొనే ముందు ఏడాదిలో 183 రోజులైనా బ్రిటన్‌లో లేనివారికి మరో 2 శాతం ఉంటుంది. కొత్తగా ఉద్యోగానికి వచ్చినవాళ్లు ఇది చూసుకోవాలి.

ఇక్కడివాళ్లకు ఎలా తెలుస్తుందిలే అనే సలహా ఇచ్చే స్నేహితులు ఉంటారు. రిటర్నులో సంతకం మీది, జరిమానా కూడా మీదే. చాలా సంస్థలు పన్ను సలహా తమ ఫీజులో లేదని ముందే రాస్తాయి. మీ పరిస్థితి చిక్కుగా ఉంటే పన్ను నిపుణుడికి వేరుగా డబ్బు పెట్టడం దండగ కాదు.

ఆరో అడుగు: అమ్మానాన్నల డబ్బుకు కాగితాలు ముందే తెప్పించండి

డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో నిర్ధారించుకోవడం సొలిసిటర్‌కు చట్టపరమైన బాధ్యత. ఆయన అనుమానిస్తున్నారని బాధపడకండి. నాన్నగారు స్థలం అమ్మి పంపితే అమ్మకం దస్తావేజు అడుగుతారు. అది తెలుగులో ఉంటే ధ్రువీకరించిన అనువాదం కావాలి, దానికి ఖర్చు. చీటీ పాడిన డబ్బు అంటే అదేమిటో వివరిస్తూ ఒక పేజీ రాయాల్సి వస్తుంది, చిట్ కంపెనీ రసీదులు జతచేయాలి. బంగారం అమ్మితే బిల్లు కావాలి. దానికి తోడు, ఇది బహుమతి, తిరిగి ఇవ్వనక్కర్లేదు, ఇంటి మీద మాకు హక్కు లేదు అని పెద్దవాళ్లు సంతకం చేసిన ఉత్తరం కావాలి. ఒక్కో దాతకు విడిగా ఫీజు వేసే సంస్థలు ఉన్నాయి. అమ్మ ఖాతా నుంచి కొంత, నాన్న ఖాతా నుంచి కొంత, మామగారి ఖాతా నుంచి కొంత వస్తే మూడు ఫీజులు, మూడు కట్టల కాగితాలు.

భారతదేశం నుంచి పంపేవారికి ఆర్థిక సంవత్సరానికి ఒక్కొక్కరికి 250,000 డాలర్ల పరిమితి ఉంది. ఏడాదిలో పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు ముందుగా పన్ను పట్టుకుంటుంది. అది తర్వాత ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది కానీ, చేతిలో ఆ మేరకు డబ్బు తగ్గుతుంది. ఎక్స్చేంజ్‌కు వారం ముందు ఇది తెలిస్తే నిద్ర పట్టదు.

పేర్లు కూడా సరిచూడండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరం, దస్తావేజులో మరో రకం, ఇది మన ఇళ్లలో మామూలే. ఇద్దరూ ఒకరే అని నిరూపించే కాగితం కోసం రెండు వారాలు పోవచ్చు.

ఏడో అడుగు: ఆలస్యానికి కొంచెం పక్కన పెట్టండి

ఇల్లు ఇంకా కడుతుంటే ఎక్స్చేంజ్ నాడు తాళాల తేదీ ఖాయంగా ఉండదు. ఇల్లు సిద్ధమయ్యాక బిల్డర్ నోటీసు ఇస్తారు, సాధారణంగా పది పనిదినాలో రెండు వారాలో. ఈలోగా ఆరు నెలల అప్పు ఆమోదం గడువు దాటిపోతే కొత్త ఆమోదం, దాన్ని మళ్లీ చదివినందుకు సొలిసిటర్‌కు మరో ఫీజు. లైఫ్‌టైమ్ ఐసా డబ్బు సొలిసిటర్ చేతికి వచ్చాక 90 రోజుల్లో కొనుగోలు పూర్తికావాలి కాబట్టి దాన్ని తొందరపడి తెప్పించవద్దు. ఒప్పందంలో చివరి గడువు తేదీ ఉందా, అది దాటితే మీ డిపాజిట్ వెనక్కి వస్తుందా అని కూడా అడగండి.

చివరి బిల్లు

కంప్లీషన్‌కు (మిగతా డబ్బు కట్టి తాళాలు తీసుకునే రోజుకు) ముందు సొలిసిటర్ మొత్తం లెక్క పంపుతారు. మీరు గీసుకున్న మూడు గడుల పక్కన పెట్టి ఒక్కో పద్దూ టిక్కు పెట్టండి. కోట్‌లో లేని పద్దు కనిపిస్తే డబ్బు పంపకముందే అడగండి. జవాబు సరిగ్గా లేకపోతే సంస్థకే రాతపూర్వక ఫిర్యాదు చేయాలి. అక్కడా తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే లీగల్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

డబ్బు పంపేముందు మొదటి రోజు ఇచ్చిన ఫోను నంబరుకు మీరే చేసి ఖాతా నంబరు చదివి వినిపించండి. మా బ్యాంకు వివరాలు మారాయి అంటూ మెయిల్ వస్తే అది దొంగదే అనుకోండి. ఇళ్ల డిపాజిట్లు ఇలాగే పోతుంటాయి.

స్టాంప్ డ్యూటీ రిటర్ను 14 రోజుల్లో దాఖలు కావాలి, రసీదు అడిగి తీసుకోండి. రిజిస్ట్రేషన్‌కు నెలలు పట్టవచ్చు, కొత్త కాలనీల్లో ఇంకా ఎక్కువ. అది పూర్తయి టైటిల్ రిజిస్టర్ నకలు వచ్చినప్పుడు పేర్ల వరస తెరిచి అక్షరం అక్షరం చదవండి. మా రిజిస్టర్‌లో ఇంటిపేరు రెండుసార్లు పడింది. సొలిసిటర్ ఫైలు ఇంకా మూయలేదు కాబట్టి అదనపు ఫీజు లేకుండానే సరిచేయించారు.